బిల్లు ఎవరు కట్టారు?

అనంతపురం సప్తగిరి సర్కిల్‌కు దగ్గర్లోని ఒక సందులో నేను ఏళ్ల తరబడి వెళ్తున్న చిన్న టిఫిన్ హోటలు ఉంది. పోయిన నెల ఒక ఆదివారం ఉదయం అక్కడ ఉగ్గాని, బజ్జి ప్లేటుకు అలవాటు కొద్దీ ఒక ఫొటో తీసుకుని, తిన్నాక డబ్బులివ్వడానికి కౌంటరు దగ్గరికి వెళ్లాను. యజమాని చిల్లర లెక్కపెడుతూ, గొంతు తగ్గించి, "వీడియోకు ఎంత తీసుకుంటారు సార్?" అని అడిగాడు. నేను వీడియోలు తీయనని, ఊరికే రాస్తుంటానని చెప్పాను. "ఊరికేనా?" అని ఒకసారి నా ముఖంలోకి చూసి, "మొన్న ఒకాయన వచ్చి ఐదు వేలు అడిగినాడు సార్. ఇస్తే బాగుందని చెప్తాడంట. ఇయ్యకపోతే ఏం చెప్తాడో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు" అన్నాడు.

ఆయన ఐదు వేలు ఇచ్చాడో లేదో నేనూ అడగలేదు. ఇంటికి వచ్చే దారంతా నన్ను తొలిచింది ఆ డబ్బు సంగతి కాదు, ఆ "ఊరికేనా?" అన్న మాటలోని అనుమానం. కెమెరా పట్టుకుని హోటల్లోకి అడుగుపెట్టిన మనిషికి తప్పకుండా ఒక ధర ఉంటుందని, ఆ ధర చెప్పకుండా దాచేవాడు చెప్పేవాడికంటే ప్రమాదకరమని ఆయన అనుభవం ఆయనకు నేర్పినట్టుంది. బ్లాగర్లు, యూట్యూబర్లు, రీల్స్ చేసేవాళ్లు ఎవరికీ లొంగని కొత్త పత్రికలా, లేక ఇచ్చినవాడి పాట పాడే భట్రాజులా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నేను మొదటి పక్షాన నిలబడి వాదించేవాణ్ని. ఆ వాదన నాకు ఇప్పుడు అంత తేలికగా నోటికి రావడం లేదు. అందుకు కారణం ఆ హోటలు యజమాని ఒక్కడే కాదు, నేను స్వయంగా రాసిన ఒక పోస్టు కూడా.

నేను ఈ బ్లాగు మొదలుపెట్టింది 2009లో. తెలుగు టైపు చేసే వెబ్‌సైటు లేఖినిలో టైపు చేసి, బ్లాగులో అతికించి, అది తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలిలో ఎప్పుడు కనబడుతుందా అని ఎదురుచూసిన రోజులవి. అప్పటి తెలుగు బ్లాగర్లలో ఎక్కువమంది ఉద్యోగస్తులు, విద్యార్థులు, విదేశాల్లో ఉంటూ అమ్మ చేతి వంటను తలుచుకునేవాళ్లు. సినిమా నచ్చకపోతే నచ్చలేదని, పుస్తకం చెత్తగా ఉంటే చెత్త అని నిర్మొహమాటంగా రాసేవాళ్లం. దాన్ని మా నిజాయితీ అనుకున్నాం. వెనక్కి తిరిగి చూస్తే అందులో నిజాయితీ పాలు ఎంతో, అవకాశం లేకపోవడం పాలు ఎంతో తేల్చడం కష్టం. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు అధికారికంగా ప్రకటనలు ఇవ్వడం మొదలుపెట్టిందే 2018లో. అంతకుముందు తెలుగులో ఎంత రాసినా పైసా రాలేదు, మమ్మల్ని కొనాలని కూడా ఎవరికీ తోచలేదు. అంగట్లో అమ్మకానికే పెట్టని సరుకు తాను అమ్ముడుపోలేదని గొప్పలు చెప్పుకున్నట్టుగా ఉండేది మా వ్యవహారం. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, చదివేవాళ్ల స్థానంలో చూసేవాళ్లు వచ్చారు, వాళ్ల వెంట డబ్బు వచ్చింది, డబ్బు వెంట పరీక్ష వచ్చింది.

నాకు ఆ పరీక్ష 2019 డిసెంబరులో ఎదురైంది. హైదరాబాదులోని ఒక ప్రచార సంస్థ నుంచి ఈమెయిలు వచ్చింది. గండికోట దగ్గర కొత్తగా పెట్టిన గుడారాల విడిదికి రెండు రోజులు రావాలని, రాయలసీమ గురించి రాసేవాళ్లలో నన్ను ఎంచుకున్నారని, ప్రయాణమూ బసా భోజనమూ వాళ్లవేనని అందులో ఉంది. 'ఎంచుకున్నారు' అన్న మాట నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. కారు అనంతపురంలో మా ఇంటి ముందుకే వచ్చింది. తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా సాయంత్రానికి గండికోట చేరేసరికి మరో ఎనిమిది మంది అప్పటికే అక్కడున్నారు. రాత్రికి రాగిసంగటి, నాటుకోడి పులుసు, అలసంద వడలు. తెల్లవారుజామున పెన్నా లోయ మీద సూర్యోదయం. ఆ తర్వాత మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికి ఒక సంచి, అందులో ఒక పవర్ బ్యాంకు, నాలుగు పేజీల కాగితాల కట్ట ఇచ్చారు. ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. రాసింది ముందుగా చూపించమని కూడా అడగలేదు. "మీ అనుభవాన్ని నిజాయితీగా రాయండి సార్, అంతే చాలు" అని ఆ సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

ఆ రాత్రి పది దాటాక కుళాయిల్లో నీళ్లు ఆగిపోయాయి. గుడారాల నుంచి మరుగుదొడ్లకు వెళ్లే రాళ్ల దారిలో ఒక్క దీపమూ లేదు, లోయ వైపున కంచె లేదు. ఈ మూడు సంగతులూ నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంటికొచ్చి పోస్టు రాయడానికి కూర్చున్నప్పుడు నీళ్లు రాకపోవడం ఆ ఒక్క రాత్రికి జరిగిన పొరపాటై ఉంటుందనిపించింది. కొత్త వ్యాపారం, ఎవరో స్థానికులు అప్పు చేసి పెట్టుకున్నది, మొదట్లోనే తప్పులు వెతకడం దేనికనిపించింది. అలసంద వడలు మళ్లీ మళ్లీ వడ్డించిన వంటమనిషి ముఖం కళ్ల ముందు మెదిలింది. చివరికి కంచె సంగతి వదిలేశాను, నీళ్ల సంగతి వదిలేశాను, చీకటిని మాత్రం వదలలేదు: "పట్నంలో ఎన్నడూ చూడలేని నక్షత్రాలను చూపించే చీకటి" అని రాశాను. ఆ పోస్టులో ఒక్క అబద్ధం లేదు. ఆ ఏడాది నా బ్లాగులో అన్నిటికంటే ఎక్కువమంది చదివింది దాన్నే.

రెండు నెలల తర్వాత ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. నా పోస్టు చదివి తల్లినీ పిల్లల్నీ తీసుకుని అక్కడికి వెళ్లాడట. రాత్రి ఆ రాళ్ల దారిలో ఆ పెద్దావిడ కాలు జారి పడి మణికట్టు విరిగిందట. ఆయన నన్ను తిట్టలేదు. "మీరు పోయిన రోజు ఆడ లైటు ఉన్నిందా సార్?" అని ఒక్క ప్రశ్న మాత్రం అడిగాడు. జవాబు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన పని, మిగతా ఎనిమిది మందీ రాసినవి, తీసినవి వరుసగా చూడడం. తొమ్మిదింటిలోనూ గండికోటను అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చడం ఉంది. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన ఆ లోయకు ఆ పోలిక మా ఎవరి బుర్రలోనూ పుట్టింది కాదు, చేతికిచ్చిన కాగితాల మొదటి పేజీలో ఉంది. తొమ్మిదింటిలోనూ సూర్యోదయం ఉంది, నాటుకోడి ఉంది. ఒక్కదానిలోనూ నీళ్లు లేవు, కంచె లేదు. మేమెవరమూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఒప్పందం మీద సంతకమూ చేయలేదు. అయినా తొమ్మిది చేతులతో ఒకే మనిషి రాసినట్టుంది.

బ్లాగర్లు అమ్ముడుపోయారన్నప్పుడు మనం ఊహించుకునే దృశ్యం వేరు. కవరులో డబ్బు పెట్టి అబద్ధం రాయించుకోవడం అనుకుంటాం. అలాంటిది జరుగుతుంది కూడా, మా టిఫిన్ హోటలుకు వచ్చినాయన సంగతి అదే. అయితే అందులో ఇద్దరికీ తెలిసిన బేరం ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం సులువు. నా విషయంలో బేరమే లేదు. తిన్న ఉప్పు ఉంది, మొహమాటం ఉంది, పిలిచే జాబితాలో పేరు చెరిగిపోతుందన్న బెరుకు ఉంది. ఈ మూడూ కలిసి నా చేత ఏమీ రాయించలేదు, రాయవలసిన మూడు వాక్యాలను మాత్రం రాయనివ్వలేదు. చదివేవాడికి కనబడేది రాసిన మాటే గాని రాయని మాట కాదు కాబట్టి, ఆ ప్రొద్దుటూరు పాఠకుడి లాంటివాళ్లకు తాము మోసపోతున్నామని తెలిసే దారి లేదు.

చట్టం ఈ సంగతిని కొంతవరకు పట్టుకుంది. దానికంటే ముందు, ప్రకటనల పరిశ్రమ స్వీయ నియంత్రణకు పెట్టుకున్న ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టి, ప్రకటన అయితే ప్రకటన అని చెప్పి తీరాలంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పు చేసిన ప్రచారకర్తకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు, మొదటిసారి ఏడాది వరకు, మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు ప్రచారమే చేయకుండా నిషేధించవచ్చు. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ వీటిని వివరిస్తూ విడుదల చేసిన చిన్న పుస్తకంలో, చెప్పి తీరవలసిన సంబంధాల జాబితా చదివినప్పుడు నేను తల దించుకున్నాను. డబ్బు ఒక్కటే కాదు, ప్రయాణాలు, హోటలు బసలు, షరతులు పెట్టినా పెట్టకపోయినా ఉచితంగా ఇచ్చిన వస్తువులు, తగ్గింపులు, బహుమతులు, చివరికి కుటుంబ సంబంధమూ వ్యక్తిగత సంబంధమూ కూడా అందులో ఉన్నాయి. నా గండికోట ప్రయాణం నాటికి ఆ పుస్తకం లేదు. ఉండి ఉంటే మాత్రం అందులోని రెండు మూడు మాటలు నన్ను చూసే రాశారనుకునేవాణ్ని.

ఈ విషయంలో అందరికంటే సూటిగా ఆలోచించింది ఆదాయపు పన్ను శాఖ అని నా అభిప్రాయం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ సెక్షనుగా 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, వృత్తి వ్యాపారాల వల్ల ఒకరికి ఏడాదిలో 20 వేల రూపాయలకు మించి వస్తు రూపంలో లాభం చేకూరితే ఇచ్చేవాళ్లు పది శాతం పన్ను మినహాయించాలి. పరిచయం చేయమని కంపెనీ ఇచ్చిన ఫోను వాడి చూసి తిరిగి ఇచ్చేస్తే అది లాభం కాదని, దగ్గరే ఉంచుకుంటే లాభమేనని ఆ శాఖ విడిగా వివరణ కూడా ఇచ్చింది. స్వతంత్రత మీద మనం గంటలకొద్దీ చేసే వాదనలు ఒక గుమాస్తా ప్రశ్న ముందు తేలిపోతాయి: ఆ వస్తువు ఇప్పుడు ఎవరింట్లో ఉంది?

అయితే 'ఇది ప్రకటన' అన్న చీటీ అతికించడంతో పని ముగిసిందనుకోవడం కూడా పొరపాటు. కర్నూలు నుంచి ఓర్వకల్లు వైపు వెళ్లే దారిలోని వెంచర్ల గురించి వస్తున్న వీడియోలు చూడండి. 2021 మార్చిలో అక్కడ విమానాశ్రయం తెరిచాక, ఎక్కడి ప్లాటు అయినా "ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే" అయిపోయింది. కొందరు బుద్ధిగా కింద 'పెయిడ్ ప్రమోషన్' అని వేస్తున్నారు. కానీ 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటును రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయకుండా ప్రచారం చేయకూడదని, ప్రకటనలో ఆ నమోదు సంఖ్య ఉండాలని 2016 నాటి చట్టం చెబుతోంది. పది నిమిషాల వీడియోలో ముఖద్వారం కమాను, కొబ్బరి మొక్కలు, కొండల మీది మబ్బులు అన్నీ చూపించే మనిషి ఆ సంఖ్య ఒక్కటీ అడిగి చూపించడు. కూతురి పెళ్లికి దాచిన డబ్బు తెచ్చి కొనేవాడికి కావలసింది ఆ ఒక్కటే. బెట్టింగ్ యాప్‌ల ప్రచారం సంగతి వేరే చెప్పనవసరం లేదు. 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు యూట్యూబర్ల మీద కేసులు పెట్టే వరకు, ఆ ఏడాది ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసే వరకు, వాటిని పొగిడినవాళ్లకు అది కూడా ఇంకొక 'కొలాబ్' మాత్రమే.

ఇంతవరకు చదివిన పత్రికా మిత్రులు కొందరు తృప్తిగా తల ఊపుతూ ఉంటారని నాకు తెలుసు. వాళ్లకు 2009 ఎన్నికలను గుర్తు చేయాలి. అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తల్లా అచ్చువేశారన్న గొడవను ముందుగా లేవనెత్తినవాళ్లలో మన వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ఉంది. దాని మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి, పరంజయ్ గుహా ఠాకుర్తా ఉన్నారు. వాళ్లు పేర్లతో సహా రాసిన వివరమైన నివేదికను కౌన్సిల్ 2010లో పూర్తిగా బయటపెట్టకుండా సంక్షిప్తంగా సరిపెట్టింది. ఇక మండల స్థాయిలో పనిచేసే విలేకరి పరిస్థితి చూస్తే జాలి కలుగుతుంది. జీతం ఉండదు, లైన్ అకౌంటు కింద అచ్చయిన మేరకు కొద్ది డబ్బు వస్తుంది, ఉగాదికీ ఆగస్టు పదిహేనుకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెచ్చి లక్ష్యం పూర్తి చేయాలి. ఏ కాంట్రాక్టరు దగ్గర ప్రకటన అడిగాడో ఆ కాంట్రాక్టరు వేసిన రోడ్డు గురించే అతను వార్త రాయాలి. కాబట్టి పత్రిక అంటే స్వతంత్రం, బ్లాగు అంటే భజన అని గీత గీసి చెప్పేవాళ్లతో నేను ఏకీభవించలేను. తేడా ఒక్కటే కనబడుతోంది: పత్రికలో తప్పు జరిగితే అడగడానికి ఒక కార్యాలయం, ఒక సంపాదకుడి పేరు, ఒక ప్రెస్ కౌన్సిల్ ఉన్నాయి. నా పోస్టు విషయంలో ప్రొద్దుటూరు పాఠకుడికి ఉన్నది నా ఈమెయిలు చిరునామా ఒక్కటే, దానికి నేను నాలుగు రోజులు జవాబివ్వలేదు.

మా జిల్లాలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. గుత్తిలో ప్లీడరుగా ఉంటూ 'హిందూ' పత్రికకు వార్తలు రాసిన కేశవపిళ్లై వృత్తిరీత్యా పాత్రికేయుడు కాడు. 1893 అక్టోబరులో గుంతకల్లు రైల్వే గేటు దగ్గర ఇద్దరు స్త్రీలను కాపాడబోయిన గేట్‌మన్ హంపన్నను తెల్ల సైనికుడు కాల్చి చంపితే, ఆ సంగతి మరుగున పడకుండా లోకానికి తెలియజేసింది ఆయనే. ఆయన అన్నం వకాలతులోంచి వచ్చింది గాని ఆ వార్తల్లోంచి రాలేదు, కాబట్టే అంత పెద్ద శత్రువు గురించి రాయగలిగాడని నేను అనుకుంటాను. 1926లో అనంతపురం నుంచి 'సాధన' పత్రికను మొదలుపెట్టిన పప్పూరు రామాచార్యులు కూడా లాభం చూసుకుని ఆ పనికి దిగినవాడు కాడు.

ఈ మాట చెబుతున్నప్పుడు నా కాళ్ల కింద ఏముందో చూసుకోవాలి. డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పి ప్రతి నెలా జీతం తీసుకునే నాకు, బ్లాగు ద్వారా రూపాయి రాకపోయినా పొయ్యి ఆగదు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు కడపలో ఉంటూ కారం దోసెల మీదా, పాత బస్తీ బిర్యానీల మీదా వీడియోలు చేసి ఇల్లు గడుపుతున్నాడు. ఒకసారి నేను నీతులు చెబుతుంటే ఓపికగా విని, "సార్, మీకు జీతం ఇచ్చే కాలేజీ గురించి మీ బ్లాగులో ఎప్పుడన్నా రాసినారా?" అని అడిగాడు. రాయలేదు. పదిహేనేళ్లకు పైగా రాస్తున్న నేను మా కళాశాల గురించి ఒక్క వాక్యమూ రాయలేదు. అందువల్ల వాడి మీద తీర్పు చెప్పే పని మానుకున్నాను. వాడు డబ్బు తీసుకున్న వీడియో మొదట్లోనే ఆ సంగతి తెలుగులో, నోటితో, గట్టిగా చెబుతాడు. నచ్చని హోటలైతే డబ్బు తిరిగి ఇచ్చేస్తాడు గాని బాగాలేదని మాత్రం చెప్పడు. అది సగం నిజాయితీ అని వాడికీ తెలుసు. ఊళ్లో ముఖాలు చూసుకుని బతకాలి కదా సార్ అంటాడు.

గండికోట పోస్టును తీసేయలేదు. దాని పైన, ప్రయాణమూ బసా భోజనమూ పవర్ బ్యాంకూ ఎవరివో, కింద నేను వదిలేసిన మూడు వాక్యాలేమిటో, అవి ఎప్పుడు చేర్చానో రాసిపెట్టాను. ఆ తర్వాత ఆ ప్రచార సంస్థ నుంచి ఒక్క ఈమెయిలూ రాలేదు. అప్పటి నుంచి ప్రతి పోస్టు మొదట్లో బిల్లు ఎవరు కట్టారో ఒక వాక్యం రాస్తున్నాను.

టిఫిన్ హోటలు గురించి రాసినప్పుడు కూడా అలాగే నలభై రూపాయలు నేనే కట్టానని మొదట రాశాను. ఉగ్గాని బొరుగులు సరిగ్గా నానాయని, పప్పుల పొడి సమపాళ్లలో పడిందని, మిరపకాయ బజ్జీలు వేయించిన నూనె మాత్రం ముందురోజుదిలా ఉందని రాశాను. మరుసటి ఆదివారం వెళ్తే యజమాని అప్పటికే చదివేశాడు, కొడుకు ఫోనులో చూపించాడట. "నూనె సంగతి రాయకుంటే ఏం పోయింటుంది సార్, ఇన్నేండ్లుగా వస్తాండారు" అన్నాడు. కోపం లేదు, కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. వెళ్లి కూర్చున్నాను. వచ్చిన ప్లేటులో ఎప్పుడూ ఉండే రెండు బజ్జీలకు బదులు మూడు ఉన్నాయి. తిన్నాను. బిల్లులో రెండింటికే వేశాడు, మూడోదానికి డబ్బులిస్తే తీసుకోలేదు.